ఎవరి గ్లాసు వాళ్ళదే

చొక్కాల ఫ్యాక్టరీలో సాయంత్రం గంట కొట్టగానే వాండా మజూర్ మిషను మీద గుడ్డ కప్పి, ఒళ్ళో పడ్డ దారప్పోగులు దులుపుకుని, కొండెక్కి ఇంటికొచ్చేది. రోజంతా కాలర్లు కుట్టే పని. వచ్చీరాగానే పొయ్యి మీద బంగాళాదుంపలు పడేసి, బేసిన్లో వేణ్ణీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, పాదాలు అందులో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఆ కాసేపూ అమ్మని పలకరించకూడదని పిల్లలిద్దరికీ తెలుసు. ఆడపడుచు ఐరీన్‌కి తెలియదు. తెలిసినా లెక్కచెయ్యదు.

ఆ రోజు ఐరీన్ వంటింటి తలుపు తోసుకుని, రొప్పుతూ వచ్చింది.

"వదినా, నేను విన్నది నిజమేనా?"

"ఏం విన్నావు?" వాండా కళ్ళు తెరవలేదు.

"డోరీన్ పెళ్ళిలో మందు ఎవరిది వాళ్ళే కొనుక్కోవాలట! ఫైర్‌హాల్లో మందు పోసే బెర్నీయే చెప్పాడు. వాడికి మతిపోయిందేమో అనుకున్నా."

"బెర్నీకి మతి బాగానే ఉంది."

ఐరీన్ కుర్చీ లాక్కుని కూలబడింది. "మన ఇంటా వంటా ఉందా ఇది? మనిషిని పెళ్ళికి పిలిచి, కూర్చోబెట్టి, గొంతు తడుపుకోవాలంటే జేబులో చెయ్యి పెట్టమంటావా? మా నాన్న గనుల సమ్మె రోజుల్లో నా పెళ్ళి చేశాడు. ఇంట్లో పిండి లేదు. అయినా పీపాలకి పీపాలు దించాడు. మా మేనమామ తప్పతాగి మర్నాడు పక్కింటి కోళ్ళగూట్లో దొరికాడు. ఇప్పటికీ చెప్పుకుంటారు."

"చెప్పుకోనీ."

"నీ గురించీ చెప్పుకుంటారు. వాండా మజూర్ కూతురి పెళ్ళిలో నీళ్ళు కూడా అమ్మిందని."

"నీళ్ళు ఊరికే ఇస్తాలే."

ఐరీన్ నోరు ఊరుకోదు గానీ మనసు చెడ్డది కాదు. గొంతు తగ్గించింది. "డబ్బుకి ఇబ్బందైతే చెప్పు వదినా. తలా ఇంత వేసుకుందాం."

అప్పుడు కళ్ళు తెరిచింది వాండా. "డబ్బు కాదు ఐరీన్. మీ అన్న."



మా బొగ్గు కొండల్లో పెళ్ళంటే చనిపోయినవాళ్ళు కూడా వస్తారు. అకార్డియన్ మొదలుపెట్టిన కాసేపటికి ఒక్కొక్కరే తలుపు తోసుకుని వచ్చి, టోపీ తీసి మేకుకి తగిలించి, బార్ దగ్గర నిలబడతారు. తినరు. మాట్లాడరు. తాగుతారు. పీపాలు ఖాళీ అయ్యాక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. భోజనాల బల్లల దగ్గర వాళ్ళకి కుర్చీలు వెయ్యక్కర్లేదు గానీ, మందు తెప్పించేటప్పుడు మాత్రం మనసులో పెట్టుకోవాలి.

వాండా మొగుడు చెస్టర్ బతికున్నన్నాళ్ళూ తాగాడు. ఒక జనవరిలో క్లబ్బు నుంచి నడిచి వస్తూ, రైలు పట్టాల పక్కన కాస్త ఊపిరి తీసుకుందామని మంచులో కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. పోయాక కూడా చుట్టాల పెళ్ళి ఏదీ వదల్లేదు. ఐరీన్ కొడుకు పెళ్ళికి వచ్చి, ఊరికే పోస్తున్న విస్కీ కడుపునిండా పట్టించి, మూడంతస్తుల కేకు మీద వెల్లకిలా పడ్డాడు. వియ్యాలవారి ముందు ఐరీన్ కేకు ముక్కలు చేత్తో ఎత్తుకుంది.

"డోరీన్ పెళ్ళి ఒక్కటి సవ్యంగా జరగనీ," అంది వాండా. "ఊరికే పోసే మందుకి చెయ్యి ఉండదు ఐరీన్. ఎవరు పోశారంటే ఎవరూ పొయ్యలేదు. అదే కొనిచ్చేదానికి చెయ్యి ఉంటుంది. మీ అన్నకి కొనిచ్చే ఆ చెయ్యి తనది కావాలని ఎవడనుకుంటాడో చూద్దాం."

ఐరీన్ గోడ మీది మేరీమాత బొమ్మ వంక చూసింది. చివరికి లేచి, "సరేలే. నేను మాత్రం అన్న మొహం చూడను. చూస్తే ఆగలేను," అని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ పొయ్యి మీద మాడుతున్న బంగాళాదుంపలు దించింది.

బార్ దగ్గర వాండా బోర్డు పెట్టిస్తోందన్న సంగతి ఊరంతా పాకింది. "ఎవరి గ్లాసు వాళ్ళదే" అని దాని మీద రాయించిన మాట చొక్కాల ఫ్యాక్టరీలో సామెత అయిపోయింది. ఎవరైనా సూది అడిగితే, "ఎవరి సూది వాళ్ళదే" అని నవ్వేవాళ్ళు. వాండా తల ఎత్తకుండా కాలర్లు కుట్టుకునేది. పిసినారి అని పేరొస్తే రానీ. నిజం చెప్పి చెస్టర్ పేరు ఇంకోసారి అందరి నోళ్ళలో నానడం కంటే అదే నయం అనుకుంది.

పెళ్ళికొడుకు తల్లి మిసెస్ హెనగన్ నది అవతల ఊరు నుంచి ఫోన్ చేసింది. ఆవిడ మాటల్లో పంచదార ఎక్కువ. "మావాళ్ళు అంత దూరం నుంచి వస్తున్నారు కదండీ, కాస్త గొంతు ఎండుతుందేమోనని..." అంది.

"సూప్ ఉంటుందండీ," అంది వాండా.

"మా తాతగారు కూడా రావచ్చు," అంది ఆవిడ మెల్లిగా. "ఆయన డబ్బులు పెట్టుకునే మనిషి కాదు. అంటే, ఇప్పుడు."

"మీరే కొనివ్వండి. మీ తాతగారే కదా."

ఇవన్నీ ఒక ఎత్తు, కూతురు ఒక ఎత్తు. పెళ్ళి వారంలో ఒక సాయంత్రం డోరీన్ తల్లి ఎదురుగా నేల మీద కూర్చుని, బేసిన్లో ఉన్న ఆ పాదాలు నెమ్మదిగా నొక్కుతూ అడిగింది. "అమ్మా, నాన్న జేబులో ఏముంటుంది?"

వాండా తువ్వాలు కోసం చెయ్యి చాచింది.

"ఏమీ ఉండదు కదా. పోయినవాళ్ళ జేబులో ఏముంటుంది! ఆయన వచ్చి, బార్ దగ్గర నిలబడి, అందరూ తాగుతుంటే చూస్తూ ఉండాలి. నా పెళ్ళిలో. అందుకేగా ఆ బోర్డు?"

"నువ్వు మొదటిసారి సత్ప్రసాదం తీసుకున్న రోజు గుర్తుందా? చర్చిలో బెంచీ ఎక్కి పాట అందుకున్నాడు."

"గుర్తుంది. దిగుతూ నా తెల్లగౌను మీద కక్కుకున్నాడు. నువ్వు ఆ రాత్రి దాన్ని ఉతికి ఆరేశావు. అన్నీ గుర్తున్నాయమ్మా. అయినా ఒక్క గ్లాసు..."

"ఒక్క గ్లాసు అనేది మీ నాన్నకి ఎప్పుడూ లేదే."

డోరీన్ చేతులు ఆగిపోయాయి. "తాగకుండా ఆయన్ని నేనెప్పుడూ చూళ్ళేదు. అలా వస్తే నాన్నని గుర్తుపడతానో లేదో."

అప్పుడే వీధి తలుపు దడాలున తెరుచుకుని లెన్నీ వచ్చాడు. డోరీన్‌కి అన్న. ఆ ఏడాది అతనికి రెండో ఉద్యోగం పోయింది. గోడ పట్టుకుని నడుస్తూ, చెల్లెలిని చూసి తండ్రి నవ్వినట్టే పెదవి ఒక పక్కకి లాగి నవ్వి, మెట్లు తన్నుకుంటూ పైకి పోయాడు. పైన మంచం మీద దబ్బున పడ్డ చప్పుడు. తల్లీ కూతుళ్ళిద్దరూ పైకప్పు వంక చూశారు.

"బోర్డు తియ్యను," అంది వాండా. అలసట తప్ప ఆ గొంతులో కోపం లేదు.

పెళ్ళి జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం. ఫైర్ ఇంజన్లు రెండూ ఆరుబయట ఎండలో పెట్టి, హాల్లో బల్లలు వేశారు. కాగితం తోరణాల కింద రబ్బరు గొట్టాల వాసనా, మాంసం కూరిన క్యాబేజీ పొట్లాల వాసనా కలిసిపోయాయి. బార్ మీద "ఎవరి గ్లాసు వాళ్ళదే" అని రాసిన అట్టముక్క నిలబెట్టి ఉంది. బెర్నీ దాని వెనక తలొంచుకుని గ్లాసులు తుడుస్తున్నాడు, తప్పంతా తనదైనట్టు.

"చర్చిలో ద్రాక్షరసం ఊరికే ఇచ్చారు. తెలిసుంటే ఇంకో రెండు గుక్కలు అక్కడే లాగేవాణ్ణి," అన్నాడు ఒక ముసలాయన.

"ఫాదర్ కూడా రేపటి నుంచి బోర్డు పెడతాడు చూడు," అన్నాడు పక్కవాడు.

సణుగుతూనే కొనుక్కున్నారు. అకార్డియన్ అందుకుంది. సూప్ ప్లేట్లు తీసేసరికి పోయినవాళ్ళు రావడం మొదలైంది. ఐరీన్ మొగుడు వచ్చాడు. ఐరీన్ బీరు కొని అతని చేతిలో పెట్టి, కాలర్ సరిచేసింది. వాండా వాళ్ళమ్మ నల్ల శాలువాతో వచ్చి గోడ పక్కన నిలబడింది. వాండా చెర్రీ బ్రాందీ కొని తీసుకెళ్ళి ఇచ్చింది. ముసలావిడ రెండు చేతులతో అందుకుంది. హెనగన్ల తాత రానే వచ్చాడు. మిసెస్ హెనగన్ పర్సు వెతుక్కుంటూ పరుగెత్తింది. సణిగినవాళ్ళే ఇప్పుడు తమవాళ్ళ కోసం తలుపు వంక చూస్తున్నారు. ఎవరికి ఎవరు కొనిస్తున్నారో అందరికీ కనిపిస్తోంది. హాల్లో గొడవ తగ్గి, ఒకలాంటి నెమ్మది వచ్చింది.

అప్పుడొచ్చాడు చెస్టర్.

చనిపోయిన రోజు వేసుకున్న కోటే. బయట ఎండ మండిపోతున్నా భుజాల మీద మంచు అలాగే ఉంది. తిన్నగా బార్ దగ్గరికి వెళ్ళి, బల్ల మీద రెండు వేళ్ళతో తట్టాడు. బెర్నీ వాండా వంక చూశాడు. వాండా కదల్లేదు. బెర్నీ తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

చెస్టర్ అట్టముక్క చదివాడు. జేబులు తడుముకున్నాడు. ఒక జేబు లోపలి గుడ్డ బయటికి లాగి చూపించాడు, చిన్నపిల్లాడిలా. చుట్టూ చూశాడు. అతనితో గనిలో పనిచేసినవాళ్ళు ప్లేట్లలోకి తలలు దించేశారు. ఐరీన్ చెప్పినట్టే మొహం గోడకి తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

వాండాకి చూడబుద్ధి కాలేదు. గెలిచినట్టు అనిపిస్తుందనుకుంది. ఏమీ అనిపించలేదు.

డోరీన్ లేచింది. తెల్లగౌను కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని వెళ్ళి, తండ్రి భుజాల మీది మంచు రెండో చేత్తో దులిపింది. అతని చెయ్యి పట్టుకుని నాట్యానికి తీసుకెళ్ళింది. మొదట ఒకటి రెండుసార్లు అడుగు తప్పాడు. తర్వాత పాట అతని కాళ్ళకి అందింది. చెస్టర్ అంత బాగా నాట్యం చేస్తాడని పిల్లలకి తెలియదు. వాండాకి ఒకప్పుడు తెలుసు. ఆ నాట్యం చూసే కదా పెళ్ళికి ఒప్పుకుంది. డోరీన్ తండ్రి మొహం వంకే చూస్తూ తిరిగింది, ఎవరో కొత్తమనిషిని పరిచయం చేసుకుంటున్నట్టు.

పాట అయ్యాక అతను వచ్చి వాండా ఎదురుగా కూర్చున్నాడు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఆమె కాదనగలిగేది. అడగకపోవడంతో చేతిసంచీ ఒళ్ళోకి లాక్కుంది. లేవబోయింది కూడా.

ఈలోపు బార్ దగ్గర్నుంచి లెన్నీ గొంతు లేచింది. "ఏంటిది? మా నాన్నేమన్నా బిచ్చగాడా?"

అతను అప్పటికే బాగా పట్టించి ఉన్నాడు. టై ఊడి వేలాడుతోంది. "బెర్నీ, రెండు విస్కీ పొయ్యి. ఒకటి నాకు, ఒకటి మా నాన్నకి. ఇంతమందిలో ఒక్కడికీ చెయ్యి రాలేదేం?"

"లెన్నీ, వద్దురా," అంది వాండా.

"నా డబ్బు. ఎవరిది వాళ్ళు కొనుక్కోమని బోర్డు పెట్టించింది నువ్వేగా!"

బెర్నీ పోశాడు. చెస్టర్ లేచి వెళ్ళాడు. కొడుకు పక్కన నిలబడి, తన గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. లెన్నీ తన గ్లాసు అందుకునేలోపే దాన్ని కూడా తీసుకుని తాగేశాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. లెన్నీ కూడా నవ్వాడు. "దాహంగా ఉన్నట్టుంది నాన్నకి. మళ్ళీ పొయ్యి." ఈసారీ అంతే. చెస్టర్ తనదీ తాగాడు, కొడుకుదీ తాగాడు. మూడోసారి లెన్నీ గ్లాసుని గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నాడు. తండ్రి అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి గ్లాసు తీసుకున్నాడు. లెన్నీ నవ్వు ఆగిపోయింది. "నాదయ్యా అది!" అని అరిచాడు. మళ్ళీ పోయించాడు. అలా జేబులు ఖాళీ అయ్యేదాకా పోయించాడు, ఒక్క చుక్క అతని నోట్లో పడలేదు.

అంత తాగినా చెస్టర్ తూలలేదు. కేకు దగ్గరికి పోలేదు. పాట అందుకోలేదు. ముంజేత్తో మూతి తుడుచుకుని, కొడుకు మెడ మీద ఒకసారి చెయ్యి వేసి, టోపీ పెట్టుకుని, ఎండలోకి తిన్నగా నడిచి వెళ్ళిపోయాడు.

"చచ్చి కూడా పిల్లాడి జేబు ఊడ్చేశాడు," అంది వాండా. ఆ తర్వాత లేచి, ఆడవాళ్ళతో కలిసి ప్లేట్లు ఎత్తడానికి వెళ్ళింది.

పెళ్ళయిన రెండో రోజు లెన్నీ క్లబ్బుకి వెళ్ళి బీరు అడిగాడు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో బెర్నీ అక్కడే పనిచేస్తాడు. నురగ పొంగేలా పోసి ముందు పెట్టాడు. లెన్నీ ఎత్తి నోటి దగ్గర పెట్టుకునేసరికి గ్లాసు ఖాళీ. అడుగున కాస్త నురగ మిగిలింది, అంతే.

"పొయ్యలేదేంటి?"

"పోశానే!" బెర్నీ మళ్ళీ పోశాడు. మళ్ళీ ఖాళీ. ఇద్దరూ ఆ గ్లాసు వంక చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మీ నాన్నరా," అన్నాడు బెర్నీ.

లెన్నీ సీసా కొనుక్కుని ఇంటికి తెచ్చాడు. మూత తీసేసరికి ఎండిపోయి ఉంది. బస్సెక్కి నది అవతలికి వెళ్ళాడు. అక్కడా అంతే. స్నేహితుడు కొనిచ్చినా అంతే. పక్కవాడి గ్లాసు లాక్కుని తాగబోతే, పక్కవాడికి నిండుగా ఉన్నది తన పెదవికి తగిలేసరికి ఇంకిపోయింది. వీధిలో నిలబడి తండ్రిని పచ్చిబూతులు తిట్టాడు. అందరూ కిటికీలు మూసుకున్నారు, వాన వచ్చినప్పుడు మూసుకున్నట్టు.

ఆ తర్వాత, మందు అందక, ఒళ్ళు తిరగబడింది. చెమటలు, వణుకు, గోడ మీద ఎలకలు పాకుతున్నాయని కేకలు. డాక్టరుని పిలిపించింది వాండా. ఫ్యాక్టరీకి సెలవు పెట్టి కొడుకు పక్కన కూర్చుంది. సూప్ తాగిస్తే కక్కేవాడు. దుప్పట్లు మార్చింది, మళ్ళీ తాగించింది. మొగుడికి చేసినవే అన్నీ. కానీ మొగుడి విషయంలో ఇవన్నీ మళ్ళీ మళ్ళీ వచ్చేవి. ఈసారి కొన్నాళ్ళకి తగ్గి, తిరిగి రాలేదు. ఆకులు ఎర్రబడే వేళకి లెన్నీ కంకర లారీల దగ్గర పనికి కుదిరాడు. జీతం తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాన్ని ముట్టుకోవడానికి వాండాకి కొంచెంసేపు పట్టింది.

ఐరీన్ మళ్ళీ వంటింటి దారినే వచ్చింది. "చూశావా వదినా మా అన్న! బతికున్నప్పుడు చెయ్యలేనిది పోయాక చేశాడు. కొడుకు కోసం..."

"మీ అన్నకి దాహం ఐరీన్. అంతే."

"దాహమైతే అందరివీ తాగాలిగా? వాడివే ఎందుకు తాగుతున్నాడు?"

"వాడు కొనిచ్చాడు కాబట్టి. మీ అన్న సంగతి నాకు తెలీదా? ఒకసారి కొనిచ్చినవాణ్ణి వదిలిపెట్టడు."

ఇద్దరూ దాని గురించి చాలాసార్లు వాదించుకున్నారు. తేలలేదు.

చలికాలంలో వాండాకి ఇంకో సంగతి తెలిసింది. లెన్నీ ప్రతి శనివారం పని నుంచి వస్తూ క్లబ్బులో ఆగుతున్నాడట. అంతా మళ్ళీ మొదలా! ఓపిక ఎక్కడుందని? అయినా ఆ శనివారం కోటు తగిలించుకుని బయల్దేరింది. మొగుణ్ణి లాక్కురావడానికి ఎన్నోసార్లు నడిచిన దారే.

క్లబ్బులో మధ్యాహ్నపు ఎండ ఇంకా కిటికీలో ఉంది. జనం లేరు. లెన్నీ బార్ చివర కూర్చుని ఉన్నాడు. ముందు ఒక బీరు గ్లాసు. దాన్ని అతను ముట్టుకోవడం లేదు. మోచేతులు బల్ల మీద ఆనించి, గ్లాసు వంక చూస్తూ మెల్లిగా మాట్లాడుతున్నాడు. లారీ గేరు పట్టేస్తోందనీ, డోరీన్‌కి వేవిళ్ళనీ, ఆమె మొగుడు కెవిన్ హెనగన్ మంచివాడే గానీ పేకాట అస్సలు రాదనీ చెబుతున్నాడు.

వాండా వెనక నిలబడి గ్లాసు వంక చూసింది. బీరు తగ్గుతోంది. గటగటా కాదు. ఒక వేలు మందం తగ్గి, ఆగి, లెన్నీ నవ్వినచోట కదలకుండా ఉండి, మళ్ళీ కొంచెం తగ్గింది. చెస్టర్ అంత నెమ్మదిగా తాగడం ఆమె తన కాపురంలో ఎన్నడూ చూడలేదు.

బెర్నీ ఆమెని చూసి, ఆమెకీ ఒక గ్లాసు అందుకోబోయాడు. వద్దని చెయ్యి ఊపి, కొడుకు పక్క స్టూలు మీద కూర్చుంది. లెన్నీ తిరిగి చూసి, తప్పు చేస్తూ దొరికిపోయినవాడిలా మాట మధ్యలో ఆపేశాడు.

"ఆపావేంరా?" అంది వాండా. "చెప్పు. వింటున్నాడు."